పడుకుంటే తగ్గే నీరసం కాదిది!

క్యాన్సర్ చికిత్స అనగానే జుట్టు రాలిపోవటం, వాంతులు గుర్తుకొస్తాయి. వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నాయి. రాలిన జుట్టు చాలావరకు మళ్లీ వస్తుంది. కానీ చికిత్స తీసుకుంటున్నవారిలో ఎక్కువమందిని, ఎక్కువ కాలం వేధించే సమస్య నీరసం. దీన్ని రోగి బయటికి చెప్పరు. ఇంట్లోవాళ్లు ‘అంత పెద్ద జబ్బు వచ్చాక నీరసం ఉండదా’ అని సరిపెట్టుకుంటారు. కిటకిటలాడే ఓపీలో డాక్టర్‌కు అడిగే తీరిక దొరకదు. అందరూ వదిలేసే ఈ సమస్యను పట్టుకోగలిగే మనిషి ఆసుపత్రిలో ఒకరున్నారు. ఆమే నర్సు. ఆమె ఏం చేయగలరో, ఆమె సాయాన్ని మీరెలా అందుకోవాలో తెలుసుకుంటే చికిత్స రోజులు కొంతైనా తేలికగా గడుస్తాయి.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతాల్లో క్యాన్సర్ బారినపడినవారు చికిత్స కోసం ఎక్కువగా విజయవాడకో, గుంటూరుకో వెళ్తుంటారు. కొందరు హైదరాబాద్, విశాఖపట్నం వరకూ వెళ్తారు. కీమోథెరపీ పూర్తికాగానే ఆ రోజో, మర్నాడో ఇంటికి వచ్చేస్తారు. మళ్లీ వెళ్లేది రెండు, మూడు వారాల తర్వాతే. ఈ మధ్య రోజుల్లో ‘నీరసమండీ, కాళ్లు లాగేస్తున్నాయండీ’ అంటూ వచ్చేది మాత్రం దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో, ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికో. అందుకే ఈ నీరసం గురించి రోగులతో పాటు ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి.

మామూలు అలసటకూ దీనికీ తేడా

చేపల చెరువులో వల లాగినా, పెళ్లింట్లో మూడు రోజులు పరుగులు పెట్టినా అలసట వస్తుంది. ఒక రాత్రి కంటి నిండా నిద్రపోతే చాలావరకు తగ్గిపోతుంది. క్యాన్సర్‌తో వచ్చే నీరసానికి చేసిన పనితో పొంతన ఉండదు. స్నానం చేసి వచ్చేసరికే కొండెక్కి దిగినంత ఆయాసం. ఎనిమిది గంటలు పడుకుని లేచినా పడుకోనట్టే ఉంటుంది. ఒంటితో పాటు మనసూ మందగిస్తుంది. పేపరు చదువుతుంటే వాక్యం పూర్తయ్యేలోపే మొదలు మరచిపోతారు. నలుగురు పలకరించటానికి వస్తే మాట్లాడాలనిపించదు.

ఇది వచ్చే తీరు కూడా చికిత్సను బట్టి మారుతుంది. కీమోథెరపీ తర్వాత తొలి కొద్ది రోజుల్లో బాగా ఎక్కువగా ఉండి, తర్వాతి విడత దగ్గరపడేసరికి కాస్త తగ్గుతుంది. రేడియేషన్‌తో అలా కాదు. మొదటి వారం పెద్దగా తెలియదు. వారాలు గడిచేకొద్దీ పోగుపడుతూ, చివర్లో బాగా పెరుగుతుంది. చికిత్స ముగిశాక కొన్ని వారాల్లో నెమ్మదిగా తగ్గుముఖం పడుతుంది. కొందరికి మాత్రం నెలలు, సంవత్సరాలు కూడా ఉండిపోవచ్చు. ఈ సంగతి ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. చాలామంది నీరసం పెరగగానే ‘జబ్బు ముదిరిపోతోంది’ అని కుంగిపోతుంటారు. నీరసం పెరిగినంత మాత్రాన క్యాన్సర్ పెరుగుతోందని అర్థం కాదు.

ఎందుకు చెప్పరు?

‘ఎలా ఉన్నారండీ?’ అని అడిగితే మన దగ్గర వచ్చే జవాబు ఒక్కటే. ‘ఏముందండీ, కాస్త నీరసం, అంతే.’ ఆ ‘అంతే’ వెనక చాలా ఉంటాయి. నీరసంగా ఉందంటే కీమో ఆపేస్తారేమోనన్న భయం. డాక్టర్‌కు ఇంత చిన్న విషయం చెప్పటమేమిటన్న మొహమాటం. పిల్లలకు తెలిస్తే దిగులు పడతారన్న బెంగ. ఇంటి ఇల్లాలైతే తన నీరసాన్ని అసలు లెక్కలోకే తీసుకోదు. కీమో చేయించుకుని వచ్చిన మూడో రోజునే తెల్లవారుజామున లేచి పొయ్యి దగ్గర నిలబడుతుంది.

చెప్పకపోతే జరిగే నష్టం పెద్దదే. నీరసం ముదిరితే తిండి తగ్గుతుంది. కదలిక తగ్గుతుంది. కండ కరుగుతుంది. దాంతో నీరసం ఇంకా పెరుగుతుంది. చివరికి ‘ఇంక నావల్ల కాదు’ అని చికిత్సను మధ్యలో మానేసేవాళ్లూ ఉన్నారు. నయమయ్యే అవకాశం ఉన్న క్యాన్సర్‌కు మిగిలిన విడతలు వదిలేయటమంటే చేతికందిన అవకాశాన్ని జారవిడుచుకోవటమే.

నర్సుకే ఎందుకు చెప్పాలి?

కీమో ఎక్కించే గదిలో రోగి గంటల తరబడి ఉంటారు. ఆ సమయమంతా చుట్టూ తిరిగేది నర్సులే. రక్తనాళం వెతికి సూది పెట్టేది, బీపీ చూసేది, మంచం మీంచి లేవటానికి ఎంత కష్టపడుతున్నారో కళ్లారా చూసేది వాళ్లే. డాక్టర్‌తో చెప్పటానికి బిడియపడే మాట కూడా ‘సిస్టరు గారూ...’ అంటూ నర్సు చెవిన వేస్తారు.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ముదిరిన క్యాన్సర్‌తో బాధపడుతున్న 152 మందిపై చేసిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. అందులో సగంమందిని ఒక నర్సు ప్రత్యేకంగా కొన్నిసార్లు కలిసి, నొప్పి, వికారం, మలబద్ధకం, ఆకలి లేకపోవటం, ఆయాసం వంటి బాధలను ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నారు. ఒక పద్ధతి ప్రకారం వాటికి చికిత్స అందేలా చూశారు. నీరసానికంటూ విడిగా మందేమీ ఇవ్వలేదు. అయినా మామూలు వైద్యం మాత్రమే అందినవారితో పోలిస్తే వీరిలో నీరసం తగ్గింది. ఆందోళనా తగ్గింది. ఎవరో ఒకరు వరుసగా అడగటం, అడిగినదాన్ని వదిలేయకుండా పట్టించుకోవటం ఎంత మేలు చేస్తాయో దీన్ని బట్టి అర్థమవుతుంది.

0 నుంచి 10 వరకు ఒక్క అంకె

నీరసాన్ని కొలిచే రక్తపరీక్ష లేదు. రోగి చెప్పే మాటే కొలమానం. అందుకే నర్సులు ఓ తేలికైన ప్రశ్న అడుగుతారు. ‘అసలు నీరసమే లేకపోతే 0. ఇంతకు మించి ఉండదు అనుకుంటే 10. గత వారం రోజుల్లో మీకెంత?’

• 1 నుంచి 3 వరకు ఉంటే స్వల్పం. జాగ్రత్తలు చెప్పి, వచ్చేసారి మళ్లీ అడిగితే సరిపోతుంది.

• 4 నుంచి 6 వరకు ఉంటే ఓ మోస్తరు. కారణమేంటో వెతకాలి.

• 7 నుంచి 10 వరకు ఉంటే తీవ్రం. ఆ రోజే డాక్టర్ దృష్టికి తీసుకెళ్లాలి.

నర్సు అడగకపోతే మీరే చెప్పండి. ‘కాస్త నీరసం’ అనే మాట ఎవరికీ ఏమీ చెప్పదు. ‘సిస్టరు గారూ, పోయిన విడతకు 4 ఉండేదండీ, ఇప్పుడు 7 ఉంది’ అంటే వెంటనే అర్థమవుతుంది. పడుకునే ముందు క్యాలెండర్‌లో ఆ రోజు తేదీ గడిలో అంకె రాసి పెట్టుకోండి. రెండు విడతలు గడిచేసరికి ఏ రోజుల్లో బాగా నీరసపడుతున్నారో, ఏ రోజుల్లో తేరుకుంటున్నారో స్పష్టంగా కనిపిస్తుంది. ముఖ్యమైన పనులను తేరుకునే రోజులకు పెట్టుకోవచ్చు.

కారణాలు చాలావాటికి చికిత్స ఉంది

నీరసానికి క్యాన్సర్, దాని చికిత్స కారణమైనా చాలామందిలో వాటికి తోడు మరికొన్ని కలుస్తాయి. వాటిని పట్టుకుంటే నీరసంలో కొంత భాగాన్నైనా తగ్గించవచ్చు. నర్సు ప్రశ్నలన్నీ వీటి కోసమే.

రక్తహీనత: మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగటం ఉంటే హిమోగ్లోబిన్ చూడాలి. ఐరన్ తగ్గిందా, విటమిన్ బి12 తగ్గిందా, కీమో ప్రభావమా, ఎక్కడైనా రక్తం పోతోందా అనేది తేల్చాకే చికిత్స. ఎవరో చెప్పారని ఐరన్ ఇంజెక్షన్లు చేయించుకోవద్దు. రక్తం ఎక్కించాలా వద్దా అన్నది హిమోగ్లోబిన్ ఎంతుంది, ఇబ్బందులేమున్నాయి అన్నవాటిని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు.

నొప్పి: నొప్పితో రాత్రంతా మేలుకునే మనిషికి పగలు ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? నొప్పిని ఓర్చుకోవటం గొప్పతనమేమీ కాదు. చెబితే తగ్గించే మందులున్నాయి.

థైరాయిడ్, చక్కెర: కొన్ని రకాల క్యాన్సర్ మందులతో, మెడ దగ్గర ఇచ్చే రేడియేషన్‌తో థైరాయిడ్ మందగించవచ్చు. కీమోతో పాటు ఇచ్చే స్టిరాయిడ్లతో రక్తంలో చక్కెర పెరగొచ్చు. రెండూ మామూలు రక్తపరీక్షలతోనే తెలుస్తాయి.

వాడే మందులు: కొన్ని నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు మత్తుగా ఉండేలా చేస్తాయి. వాడుతున్న మందులన్నీ, ఆకు పసర్లు, పొడులు సహా ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లి నర్సుకు చూపించండి.

దిగులు: నీరసం, కుంగుబాటు ఒకదానిలా మరొకటి కనిపిస్తాయి. ఒక చిన్న గుర్తు ఉంది. నీరసంగా ఉన్నవారికి మనవడితో ఆడుకోవాలని ఉంటుంది, ఒంట్లో శక్తి ఉండదు. కుంగుబాటులో ఆడుకోవాలనే అనిపించదు. ఏ పని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలకు మించి గడుస్తుంటే తప్పక చెప్పాలి. కుంగుబాటుకు మంచి చికిత్స ఉంది. ఉచితంగా మానసిక సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

సెలైన్ సీసాతో బలం వస్తుందా?

గోదావరి జిల్లాల్లో నీరసమంటే మొదట గుర్తొచ్చేది ‘ఒక గ్లూకోజు సీసా పెట్టించుకుంటే పోతుంది’ అన్న మాట. లెక్క చూద్దాం. అరలీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దాంతో వచ్చేది దాదాపు 100 క్యాలరీలు. రెండు ఇడ్లీలు తిన్నా ఇంచుమించు అంతే వస్తుంది, పైగా ఇడ్లీలో కాస్త ప్రొటీనూ ఉంటుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు సెలైన్ అవసరమే. నీరసానికి మాత్రం అది మందు కాదు.

ఇందులో ప్రమాదమూ ఉంది. కీమో తర్వాత ఇంచుమించు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు శుభ్రత లేనిచోట సూది గుచ్చితే ఇన్‌ఫెక్షన్ తేలికగా రక్తంలోకి చేరొచ్చు. ‘బలం ఇంజెక్షన్’ పేరుతో స్టిరాయిడ్ ఇస్తే ఒకటి రెండు రోజులు హుషారుగా అనిపిస్తుంది. అది జ్వరాన్ని కప్పేస్తుంది. చక్కెరను పెంచుతుంది. పోనుపోను కండరాలను బలహీనపరుస్తుంది. క్యాన్సర్ డాక్టర్‌కు తెలియకుండా ఇవేవీ వద్దు. సందేహం వస్తే కీమో గది నర్సుకు ఫోన్ చేసి అడగండి. డిశ్చార్జి కాగితం మీద ఉండే ఫోన్ నంబరు ఇందుకే.

మంచం వద్దు, నడక ముద్దు

‘నువ్వేం చేయొద్దు, పడుకో.’ ప్రేమతో చెప్పే ఈ మాటే ఒక్కోసారి కీడు చేస్తుంది. కదలకుండా పడుకున్నకొద్దీ కండరాలు క్షీణిస్తాయి. చివరికి బాత్రూముకు వెళ్లినా ఆయాసం వచ్చే స్థితికి చేరుకుంటారు. క్యాన్సర్ నీరసంపై జరిగిన 113 పరిశోధనలను కలిపి విశ్లేషించిన నివేదిక ఒకటి 2017లో వచ్చింది. అందులో పాల్గొన్నవారు 11,525 మంది. వ్యాయామం, మానసిక సలహా... ఈ రెండూ మందుల కన్నా మెరుగ్గా నీరసాన్ని తగ్గిస్తున్నాయని అందులో తేలింది.

వ్యాయామమంటే జిమ్ముకు వెళ్లటమని కాదు. మామూలు నడక చాలు. నర్సు సాయంతో ఇలా మొదలుపెట్టొచ్చు:

• మొదట రోజుకు 5 నుంచి 10 నిమిషాలు. వరండాలో అటూ ఇటూ నడిచినా చాలు.

• ఇబ్బంది లేకపోతే రెండు, మూడు రోజులకోసారి కొద్ది నిమిషాలు పెంచుతూ 30 నిమిషాల వరకు వెళ్లొచ్చు. వారానికి అయిదు రోజులు నడిస్తే మంచిది.

• నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే.

• కీమో అయిన తొలి రోజుల్లో తగ్గించుకోండి. పూర్తిగా మాత్రం మానొద్దు.

మన ప్రాంతంలో ఎండతో పాటు ఉక్కపోతా ఎక్కువ. తెల్లవారాక చల్లపూట నడవటం మేలు. కొల్లేటి ఊళ్లలో చెరువు గట్లు వానాకాలంలో జారుతుంటాయి. ఆ రోజుల్లో ఇంట్లోనో, పాఠశాల ఆవరణలోనో నడవండి. నడవలేనివారు కుర్చీలో కూర్చుని కాళ్లు చాపటం, ముడవటం, చేతులు పైకెత్తటం వంటివి చేయొచ్చు. అలవాటున్నవారికి తేలికైన యోగా ఆసనాలు, ప్రాణాయామం కూడా ఉపయోగపడతాయి.

అయితే ఎముకలకు క్యాన్సర్ పాకినవారు, ప్లేట్‌లెట్లు లేదా హిమోగ్లోబిన్ బాగా తగ్గినవారు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. జ్వరం ఉన్న రోజు నడక వద్దు.

ఓపికకూ ఒక చిట్టా

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో పద్దులు రాసే గుమాస్తాకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. చేతిలో ఉన్నదానికన్నా ఖర్చు ఎక్కువైతే రేపటికి మిగిలేది అప్పే. ఓపిక విషయంలోనూ అంతే. కాస్త బాగున్న రోజున పేరుకుపోయిన పనులన్నీ ఒకేసారి చేసేస్తే తర్వాతి రెండు రోజులూ మంచం దిగలేరు.

ఉన్న ఓపికను పొదుపుగా వాడుకోవటం నేర్పించి చూసిన ఒక పరిశోధన అమెరికాలో 2004లో వెలువడింది. చికిత్స తీసుకుంటున్న 396 మంది ఇందులో పాల్గొన్నారు. నేర్పినవారు క్యాన్సర్ నర్సులు. అదీ ఫోన్‌లోనే, మూడంటే మూడుసార్లు మాట్లాడి. ఫలితం మరీ పెద్దదేమీ కాదు గానీ నీరసం కొంత తగ్గినట్టు స్పష్టంగానే కనిపించింది. ఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ చేరగల సాయమిది.

నర్సు మీతో కూర్చుని చేయించే పని ఇలా ఉంటుంది. రోజంతా చేసే పనులను మూడు వరుసలుగా రాయాలి. తప్పక నేను చేయాల్సినవి. వేరేవాళ్లు చేయగలిగేవి. మానేసినా ఫర్వాలేనివి. అప్పుడు ఇంకో ప్రశ్న. ‘పెద్దమ్మగారూ, వీటిల్లో ఒక్క పనే చేయగలిగితే మీరు ఏది చేయాలనుకుంటారు?’ ఒకరు దేవుడి దగ్గర దీపం పెట్టటమంటారు. మరొకరు మనవరాలికి జడ వేయటమంటారు. దుకాణం ఉన్నాయన గంటసేపు గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలంటారు. ఓపిక ఉన్న పూటను ఆ పనికి అట్టిపెట్టాలి. నీళ్లు మోయటం, బట్టలు ఉతకటం, వంట వేరేవాళ్లు పంచుకోవాలి. కూరగాయలు తరగటం వంటివి కూర్చునే చేయాలి. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ వేసుకోవాలి. ఒక పనికీ మరో పనికీ మధ్య అలుపు రాకముందే కాసేపు ఆగాలి.

పథ్యం పేరుతో పస్తులొద్దు

చుట్టూ చేపల చెరువులున్న ఊళ్లలో కూడా క్యాన్సర్ రోగికి చేప పెట్టరు. ‘నీచు పడదు’ అంటారు. గుడ్డు వేడి, పెరుగు చలువ అంటూ అన్నీ మాన్పించి చారన్నం మీద ఉంచుతారు. కండ కరగటానికి, నీరసం పెరగటానికి ఇదొక ముఖ్య కారణం.

చికిత్స సమయంలో కిలో బరువుకు రోజూ 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అవసరం. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు ఉంటుంది. వంద గ్రాముల శీలావతి, బొచ్చె, కొర్రమీను... ఏ చేపైనా 16 నుంచి 20 గ్రాములు ఇస్తుంది. శాకాహారులు పప్పు, పెరుగు, పనీరు, వేరుసెనగలు, మీల్‌మేకర్ పెంచుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవారు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ను అడగాలి.

ఒకేసారి తినలేకపోతే రెండు, మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టండి. చాలామందికి ఉదయంపూట కాస్త ఆకలి ఉంటుంది. బలమైన ఆహారం అప్పుడే పెట్టండి. నోట్లో పుండ్లుంటే కారం తగ్గించి మెత్తగా చేసి ఇవ్వండి. చేప, మాంసం, గుడ్డు బాగా ఉడికించాలి. నీళ్లు మరగబెట్టి చల్లార్చి తాగాలి. కొల్లేటి ప్రాంతంలో తాగునీటి ఇబ్బంది తెలిసిందే కాబట్టి ఈ జాగ్రత్తను అస్సలు వదలొద్దు.

రాత్రి నిద్ర, పగటి కునుకు

పగలంతా పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు. రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు మళ్లీ పగలే పడుకోవాల్సి వస్తుంది. ఈ చక్రాన్ని తెంచాలి. మధ్యాహ్నం అరగంట కునుకు చాలు, అదీ మూడు గంటల లోపే. సాయంత్రం తర్వాత కాఫీ, టీ వద్దు. పలకరించటానికి వచ్చేవారికి సాయంత్రం ఓ గంట సమయం చెప్పండి. బంధువులు వచ్చినప్పుడల్లా లేచి కూర్చుని జబ్బు కథంతా మొదటినుంచి చెప్పటం కూడా ఎంతో శక్తిని తినేస్తుంది. ఆ పనిని ఇంట్లో మరొకరు తీసుకోవాలి.

ప్రయాణం కూడా చికిత్సలో భాగమే

రేడియేషన్ సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాల పాటు ఉంటుంది. ఏలూరు నుంచి విజయవాడ సుమారు 60 కిలోమీటర్లు. తాడేపల్లిగూడెం నుంచైతే ఇంకా దూరం. కొల్లేటి లోపలి ఊళ్లవాళ్లు ముందు కైకలూరో, ఆకివీడో, ఏలూరో చేరుకుని, అక్కడినుంచి రైలో బస్సో పట్టుకోవాలి. రోజూ ఇలా తిరిగితే చికిత్స నీరసానికి ప్రయాణ బడలిక తోడవుతుంది.

మొదటి రోజే నర్సుతో మీ ఊరు ఎక్కడో, ఎలా వస్తున్నారో చెప్పండి. రైలు సమయానికి తగ్గట్టు మీ వంతు వేళను మార్చగలరేమో అడగండి. అక్కడే ఉండే వసతి ఉందేమో తెలుసుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స పొందుతున్నవారు ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగితే వివరాలు చెబుతారు. దారిలోకి తాగునీరు, తినటానికి ఏదైనా, ఒక దిండు వెంట ఉంచుకోండి. తోడుగా వెళ్లేవారిని వంతులవారీగా మార్చుకుంటే వాళ్లూ అలసిపోరు.

మీ ఊళ్లోనూ నర్సు ఉన్నారు

గ్రామాల్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో పనిచేసే మిడ్‌లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు నర్సింగ్ డిగ్రీ చదివినవారే. బీపీ, చక్కెర, హిమోగ్లోబిన్ వాళ్లు చూడగలరు. ఈ-సంజీవని ద్వారా డాక్టర్‌తో మాట్లాడించగలరు. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త మీ ఇంటికే వస్తారు. మీ ఇంట్లో క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్నవారున్నారని వారికి చెప్పటానికి సంకోచించొద్దు. డిశ్చార్జి కాగితం చూపించండి. వారానికోసారి ఆ 0-10 అంకె అడిగి రాసుకోమనండి. అంకె పెరుగుతుంటే పెద్దాసుపత్రికి పంపాల్సిన సమయం వాళ్లకు తెలుస్తుంది.

పొరుగున తెలంగాణలో ‘ఆలన’ పేరుతో ప్రభుత్వ ఉపశమన చికిత్స నడుస్తోంది. మంచం పట్టినవారి ఇళ్లకు నర్సులు వాహనంలో వెళ్లి నొప్పికి, పుండ్లకు, ఇతర బాధలకు సాయం చేస్తారు. ఉపశమన చికిత్స అంటే ఆఖరి రోజుల వైద్యమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. క్యాన్సర్ చికిత్స సాగుతుండగానే, నీరసం వంటి బాధలను తగ్గించటానికి దాన్ని తీసుకోవచ్చు.

వెంటనే వెళ్లాల్సిన సందర్భాలు

అన్ని నీరసాలూ ఇంట్లో చూసుకునేవి కావు. కింది వాటిల్లో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

• 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు మించి జ్వరం, లేదా చలితో వణుకు

• కూర్చున్నా తగ్గని ఆయాసం, ఛాతీలో నొప్పి

• నల్లటి విరేచనాలు, ముక్కు లేదా చిగుళ్ల నుంచి ఆగని రక్తం

• మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవటం, విపరీతమైన మగత

• ఉన్నట్టుండి కాళ్లు పట్టు తప్పటం, మూత్రం ఆగిపోవటం

• ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టటం

• రోజంతా మంచం మీంచి లేవలేకపోవటం, నీళ్లు కూడా ఇమడకపోవటం

ఇంట్లోవాళ్లకు ఒక మాట

నీరసంగా ఉన్న మనిషిని ‘బద్ధకం’ అనకండి. ‘ధైర్యంగా ఉండాలి, లేచి తిరగాలి’ అంటూ వెంటపడకండి. అలాగని అన్ని పనులూ లాక్కుని మంచానికి కట్టేయకండి. రోజూ ఒకసారి ‘ఇవాళ ఎంతుంది?’ అని అడిగి, చెప్పిన అంకెను నమ్మండి. నడకకు వెళ్తుంటే మీరూ పక్కన నడవండి. మీకు నిద్ర చాలకపోయినా, మీరే కుంగిపోతున్నా అది కూడా నర్సుతో చెప్పండి. రోగిని చూసుకునేవారి ఓపిక కూడా తరిగిపోయేదే.

నర్సులకు తీరిక తక్కువ, చూడాల్సినవారు ఎక్కువ. అందుకే సిద్ధమై వెళ్లండి. వచ్చే కీమోకు ఫైలులో రిపోర్టులతో పాటు ఇంకో కాగితం పెట్టుకోండి. అందులో నాలుగు సంగతులు చాలు: గత విడత నుంచి రాసుకున్న అంకెలు, ఇప్పుడు చేయలేకపోతున్న ఒక పని, వాడుతున్న మందుల పేర్లు, అడగాలనుకున్న ఒక ప్రశ్న. సూది పెట్టటానికి సిస్టరు వచ్చినప్పుడు ఆ కాగితం ఆమె చేతికివ్వండి. చదవటానికి రెండు నిమిషాలు పడుతుంది. మీ నీరసం సంగతి కేస్‌షీట్‌లోకి ఎక్కుతుంది, డాక్టర్ కంటపడుతుంది.